పచ్చ దీపాల ల్యాబు

ప్యాకెట్ ట్రేసర్ గురించి మన సాఫ్టువేరు జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. సీసీఎన్ఏ వైపు ఒక్కసారి తొంగిచూసిన ప్రతివాడూ దాంతో ఆడుకున్నవాడే. తెర మీదకి రెండు స్విచ్చిలు, ఒక రౌటరు, ఒక సర్వరు, నాలుగు పీసీలు లాక్కొచ్చి పెట్టి తీగలు కలిపితే ముందు నారింజ రంగు చుక్కలొస్తాయి, కాసేపయ్యాక పచ్చగా మారతాయి. సర్వరు మీద నొక్కితే సర్వీసెస్ అని ఒక పేజీ. ఎడం పక్కన వరసగా హెచ్‌టీటీపీ, డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, ఈమెయిల్, ఎఫ్‌టీపీ, ఇంకా నాలుగైదు. ఒక్కోదానికీ ఆన్, ఆఫ్ అని రెండు బొత్తాలు. ఆన్ అంటే ఆన్. అంతే. ముప్పావుగంటలో ఒక చిన్న ఆఫీసుకి కావల్సిన సర్వర్లన్నీ సిద్ధం!

నా గోలంతా ఆ "అంతే" గురించే.

మేముండేది లాలాగూడలో. మా వీధి చివర మొదలయ్యే రైల్వే క్వార్టర్లలో ఒక కుర్రాడున్నాడు. వాళ్ళ నాన్న క్యారేజ్ వర్క్‌షాపులో టెక్నీషియను, వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. రిటైరైతే నాలుగు నెలలో, కాస్త అటూఇటూగానో, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చేతికొచ్చే డబ్బులో అక్క పెళ్ళికి చేసిన అప్పు తీరగా మిగిలేది ఎంతో వాళ్ళకే తెలుసు. కుర్రాడు బీటెక్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉండి, ఆ తర్వాత అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సులో చేరాడు. ఈ రోజుల్లో అదొక సుఖం, మెట్టుగూడలో మెట్రో ఎక్కితే బండి మారకుండా అమీర్‌పేటలో దిగొచ్చు. (2017 నవంబరుకి ముందు ఇదే ప్రయాణానికి ఎన్ని బస్సులు, ఎంత చెమట అన్నది నాలాంటి పాతకాపుల్ని అడగండి.) మూడు నెలల కోర్సు. ఆ ఇన్‌స్టిట్యూటు పేరు అనవసరం, అన్నీ అలాగే ఉన్నాయి. ల్యాబు అంటే ప్యాకెట్ ట్రేసరు, జెరాక్సు నోట్సు, నోట్సులో ఉన్న పదహారు బొమ్మలు. పదహారూ గీశాడు. అన్నిట్లోనూ పచ్చ దీపాలే.

ఆ తర్వాత మూడు ఇంటర్వ్యూలకి వెళ్ళాడు, మూడూ పోయాయి. రెండోది ఎలా పోయిందో నాకు చెప్పాడు. డీహెచ్‌సీపీ సర్వరు పెట్టావా అని అడిగారట. పెట్టానన్నాడు. ఒక మెషీనుకి అడ్రసు రావట్లేదు, ఏం చూస్తావ్ అన్నారట. "సర్వీసు ఆన్‌లో ఉందో లేదో చూస్తాను" అన్నాడు. "ఆన్‌లోనే ఉందయ్యా" అన్నాడట అవతలాయన. అక్కడితో మనవాడి దగ్గర సరుకు అయిపోయింది.

అబద్ధం చెప్పలేదు పాపం. వాడి ప్రపంచంలో సర్వరుకి ఉన్న రోగాలు రెండే. ఆన్‌లో ఉండడం, ఆఫ్‌లో ఉండడం.

ఇంతా చెప్పి ప్యాకెట్ ట్రేసర్‌ని తిడుతున్నానని అనుకోకండి. దాంట్లో సిమ్యులేషన్ మోడ్ అని ఒకటుంది చూడండి, దాని ముందు ఏ పుస్తకమూ పనికిరాదు. కాలాన్ని ఆపేసి, ఒక్కో నొక్కుడికి ఒక్కో కవరు కదిలేట్టు చూపిస్తుంది. కొత్త పీసీ "ఇక్కడెవరైనా అడ్రసు ఇచ్చేవాళ్ళున్నారా" అని నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా కేకెయ్యడం, సర్వరు "ఇదిగో ఇది తీసుకో" అనడం, పీసీ "సరే, అదే ఇయ్యి" అని మళ్ళీ అందరికీ వినపడేలా అడగడం, సర్వరు "నీదే పో" అనడం. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్. ఈ నాలుగు మాటలూ 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2131లో చదివితే నిద్రొస్తుంది. కవర్లు స్విచ్చిలోంచి నాలుగు వైపులా పాకడం, రౌటరు దగ్గరికి రాగానే ఆగిపోవడం కళ్ళతో చూస్తే జన్మలో మర్చిపోం. రౌటరు అవతల ఉన్న సర్వరు దాకా ఆ కేకని ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి, హెల్పర్ అడ్రస్ అనేది అందుకే అని వేరే చెప్పక్కర్లేదు. పైగా నెట్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. రౌటరు కొనే తాహతు ఎవడికుంది చెప్పండి?

కానీ అది బొమ్మ. బొమ్మ సర్వరుకి డిస్కు నిండదు. ఫైలుకి పర్మిషను లేకపోవడం ఉండదు. గడియారం తప్పినా సర్టిఫికెట్ల దగ్గర గొడవ రాదు. లాగ్ ఫైలులో అర్థంకాని మూడొందల లైన్లుండవు. డీఎన్ఎస్ పేజీలో ఒక పేరూ ఒక అంకెల అడ్రసూ టైపు చేసి యాడ్ నొక్కితే పని అయిపోయినట్టే. ఈమెయిలుకైతే, ఒక డొమైనుకి వచ్చే ఉత్తరాలు ఏ యంత్రం దగ్గరికి వెళ్ళాలో చెప్పే ఎమ్మెక్స్ రికార్డు పెట్టే చోటే నేను వాడిన వెర్షన్లలో లేదు. అయినా ఉత్తరం చేరిపోతుంది! ఎలా చేరిందో అడిగేవాడు లేడు.

ఈ విషయంలో అసలైన మాట అన్నది నేను కాదు. కుర్రాడి నాన్న. ఒక ఆదివారం కొడుకుని వెతుక్కుంటూ మా ఇంటికొచ్చి, తెర మీద పచ్చ దీపాల్ని కాసేపు చూసి ఇలా అన్నాడు.

"ఇదంత నడుస్తున్నప్పుడు జూసుడే గద సార్. మా కాడ పెట్టె పీవోహెచ్ అయినంక బ్రేకు వేసి, ఆ పడ్డదిలే అని ఊకోం. పైపుల గాలి ఇడిసిపెట్టి జూస్తం. గాలి పోతే బ్రేకు పడాలె. ఎంత సేపట్ల పడ్డది, ఎంత సేపు పట్టుకున్నది, ఎంత సేపట్ల ఇడిసింది... గడియారం పెట్టి రాస్తం."

పీవోహెచ్ అంటే కొన్నాళ్ళకోసారి రైలు పెట్టెని విప్పి బాగుచేసి మళ్ళీ బిగించే పని. లాలాగూడ వర్క్‌షాపు 1893లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో మొదలైంది, అంటే ఈ ఊళ్ళో ఆ విద్యకి నూట ముప్పై ఏళ్ళు దాటాయి. ఎయిర్ బ్రేకు సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క. రైలు పొడుగునా ఒక గొట్టంలో ఐదు కేజీల ప్రెషరుతో గాలి నిండి ఉంటుంది. ఆ గాలి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గొట్టం తెగినా, పెట్టె ఊడినా, ఎవడైనా చైను లాగినా గాలి పోతుంది, బ్రేకు పడుతుంది. అంటే ఆ యంత్రం పుట్టుకే "పాడైతే ఏమవ్వాలి" అన్న ప్రశ్నలోంచి. అలాంటిదాన్ని బాగున్నప్పుడు చూసి బాగుందని సంతకం పెట్టడం వాళ్ళ దృష్టిలో పరీక్షే కాదు.

రైల్వేవాళ్ళు ఈ పాఠం ఎక్కడిదాకా తీసుకెళ్ళారో చూడండి. తార్నాక రోడ్డులో ఇరిసెట్ ఉంది, సిగ్నలింగు, టెలికం ఇంజినీర్లకి 1957 నుంచీ శిక్షణ ఇస్తున్న సంస్థ. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. రెండు రైళ్ళు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థకి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కూడా అక్కడే పెట్టారు. ఆ కవచ్‌ని 2022 మార్చి 4న మన వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య పరీక్షించినప్పుడు ఏం చేశారు? ఒకే పట్టా మీద రెండు ఇంజన్లని ఎదురెదురుగా పంపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూర్చున్నారు. రెండో ఇంజను 380 మీటర్ల దూరంలో ఉండగా కవచ్ దానంతట అదే బండిని ఆపేసింది. రెండు వేరు వేరు పట్టాల మీద నడిపి "చూశారా, గుద్దుకోలేదు" అంటే ఎవరైనా నమ్ముతారా? మన అమీర్‌పేట ల్యాబుల్లో చేసేది మాత్రం అచ్చంగా అదే.

సరే, కబుర్లు కట్టిపెట్టి పనిలోకి దిగాం. సికింద్రాబాద్ సీటీసీలో ఒక పాత డెస్క్‌టాపు తెచ్చాను, ఎనిమిది జీబీ ర్యాము. దాంట్లో వర్చువల్ బాక్స్ వేసి, తెర బొమ్మలేవీ లేని డెబియన్ మూడు, పాత విండోస్ ఒకటి పెట్టాం. డెబియన్‌కి తలా అర జీబీ ఇస్తే హాయిగా బతుకుతాయి. మా హాల్లో ఓ మూల పెట్టాం. కుర్రాడు సాయంత్రం ఏడింటికొచ్చి తొమ్మిదింటిదాకా కూర్చునేవాడు. నేను పెట్టిన షరతు ఒక్కటే. ఏ సర్వీసైనా పనిచెయ్యడం మొదలెట్టాక దాన్ని కనీసం మూడు రకాలుగా చెడగొట్టాలి. చెడగొట్టేముందు ఏం జరుగుతుందనుకుంటున్నాడో పుస్తకంలో రాయాలి. జరిగాక అసలు జరిగింది దాని పక్కనే రాయాలి.

మొదలెట్టడమే డీహెచ్‌సీపీతో. వాడి జెరాక్సు నోట్సులో ఐఎస్‌సీ వాళ్ళ పాత డీహెచ్‌సీపీడీ ఉంది. దాని బాగోగులు చూడ్డం ఐఎస్‌సీ 2022లోనే ఆపేసింది, ఇప్పుడు కియా వాడమంటున్నారు. (కారు కాదు లెండి.) దాని కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్క కామా తక్కువైనా సర్వరు లేవనంటుంది. మొదటి సాయంత్రం మొత్తం ఒక కామాకే సరిపోయింది. ఆన్, ఆఫ్ బొత్తాలు తప్ప ఎరగనివాడికి అదే ఒక కొత్త రోగం.

సర్వరు లేచాక అద్దె గడువు, అంటే లీజు, పది నిమిషాలు పెట్టి, క్లయింటుకి అడ్రసు వచ్చిన వెంటనే సర్వరుని చంపేయమన్నాను. ఏమవుతుందో ముందు రాయమంటే "వెంటనే నెట్ పోతుంది" అని రాశాడు. పోలేదు! ఐదో నిమిషంలో, అంటే సగం గడువు దగ్గర, క్లయింటు నేరుగా పాత సర్వరునే పలకరించింది. జవాబు లేదు. ఎనిమిది నిమిషాల నలభై ఐదు సెకన్లకి ఊరంతటికీ వినపడేలా ఇంకెవరైనా ఉన్నారా అంది. జవాబు లేదు. పదో నిమిషంలో అడ్రసు వదిలేసింది. విండోస్ మెషీనైతే 169.254తో మొదలయ్యే అడ్రసొకటి తనకి తానే తగిలించుకుంది. ఇదంతా టీసీపీడంప్‌లో లైను లైనుగా కనపడుతుంటే ఫోను గడియారం పక్కన పెట్టుకుని టైము రాసుకున్నాడు, అచ్చం వాళ్ళ నాన్న లాగే.

ఇప్పుడు దీన్నే ఆఫీసుకి అన్వయించుకోండి. విండోస్ సర్వరులో మామూలుగా ఇచ్చే లీజు ఎనిమిది రోజులు. సర్వరు శుక్రవారం రాత్రి పోతే శనివారం పనిచేసేవాళ్ళకి తేడా తెలీదు. సోమవారం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. "నాకు పనిచేస్తోందే" అనే మేనేజరు, "నాకు రావట్లేదు" అనే కొత్త ఉద్యోగి, ఇద్దరూ నిజమే చెప్తుంటారు. మధ్యలో మన సపోర్టు కుర్రాడు మెషీను మార్చి, కేబులు మార్చి, చివరికి కొత్త ఉద్యోగిని అనుమానంగా చూస్తాడు.

ఈ ముక్క అనుభవంలోకి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక సాయంత్రం మావాడు సర్వరు మీద ఏదో ప్యాకేజీ ఎక్కించాలనుకున్నాడు. లోపలి నెట్‌వర్కులో ఇంటర్నెట్ ఉండదు కదా. అందుకని వర్చువల్ బాక్స్ సెట్టింగుల్లో దాని అడాప్టరుని ఇంటర్నల్ నుంచి బ్రిడ్జిడ్‌కి మార్చాడు. అంటే ల్యాబు సర్వరు కాస్తా మా ఇంటి రౌటరుకి పెట్టిన తీగ మీదకి, నిజం నెట్‌వర్కులోకి వచ్చేసింది. కియా నడుస్తూనే ఉంది. ఇంటర్నెట్ మాత్రం రాలేదు, ఎందుకంటే దాని స్థిరమైన అడ్రసు 10.10.10.1, మా ఇంటిది 192.168 వరస. ఎందుకు రాలేదో రేపు చూద్దాంలే అనుకుని అలాగే వదిలేసి భోజనానికి ఇంటికెళ్ళాడు.

ఆ రాత్రే కాచిగూడ నుంచి మా చెల్లెలి కుటుంబం వచ్చింది. మేనల్లుడు వస్తూనే వైఫైలో చేరాడు. చేరినట్టు చూపిస్తోంది, ఏ పేజీ తెరుచుకోదు. బావగారి ఫోనుదీ అదే పరిస్థితి. చెల్లెలి ఫోను మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. అమ్మ సీరియలు ఆగకుండా నడుస్తోంది. "మీ ఇంటి నెట్‌కి కూడా మొహమాటాలున్నాయేంటి బావా, ఆడవాళ్ళకే ఇస్తోంది" అన్నాడు బావగారు.

మేనల్లుడి ఫోనులో గేట్‌వే చూస్తే 10.10.10.1 అని ఉంది. నాకు సంగతి అర్థమైంది, కానీ సర్వరు ఆపలేదు. కుర్రాడికి ఫోను చేసి "కొన్ని ఫోన్లకి నెట్ వస్తోంది, కొన్నిటికి రావట్లేదు, వచ్చి చూడు" అని మాత్రం చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. ముందు రౌటరు తీసి పెట్టాడు. (అందరం చేసేదే, మొట్టమొదటి మంత్రం.) దాంతో చెల్లెలి ఫోను కూడా చచ్చింది, బావగారికి మహా ఆనందం. తర్వాత పని చేస్తున్న ఫోను, చెయ్యని ఫోను పక్కపక్కన పెట్టి అడ్రసులు చూశాడు. అప్పుడు వాడి మొహం చూడాలి. వైర్‌షార్క్ తెరిచి ఒక ఫోనుని మళ్ళీ చేరమన్నాడు. ఒక్క కేకకి రెండు ఆఫర్లు! ఒకటి రౌటరు నుంచి, ఒకటి తన సర్వరు నుంచి. ఏది ముందొస్తే ఫోను దాన్ని పట్టుకుంటోంది. ముందునుంచీ ఇంట్లో ఉన్న అమ్మ టీవీ తన పాత లీజుతో బతుకుతోంది, కేకెయ్యాల్సిన అవసరమే దానికి రాలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు కేకేశారు, పందెంలో ఎవరు గెలిస్తే వాళ్ళ చేతిలో పడ్డారు.

స్విచ్చిల్లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఒక ఏర్పాటుంటుంది, ఫలానా పోర్టు నుంచి తప్ప ఇంకెక్కణ్ణించి ఆఫర్ వచ్చినా పారెయ్యమని చెప్పడానికి. వాడి నోట్సులో పదకొండో బొమ్మ కింద ఒక లైను అది. మూడు నెల్ల క్రితమే బట్టీ పట్టాడు. అదెందుకో ఆ రాత్రి తెలిసింది.

డీఎన్ఎస్‌కి వస్తే, దానికి రెండు వారాలు పట్టింది, పట్టాలి కూడా. పాల్ మొకపెట్రిస్ 1983లో రాసిన పద్ధతి ఇప్పటికీ మనందర్నీ మోస్తోంది, ముంచినప్పుడు కూడా అదే ముంచుతోంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ దాదాపు ఆరు గంటలు మాయమయ్యాయి గుర్తుందా? సర్వర్లు బతికే ఉన్నాయి. వాళ్ళ డీఎన్ఎస్ యంత్రాలకి దారి చూపే బీజీపీ ప్రకటనలు వెనక్కి పోవడంతో ఆ పేర్లు ఎక్కడున్నాయో ప్రపంచానికి తెలీకుండా పోయింది. 2025 అక్టోబరులో అమెజాన్ క్లౌడ్ వర్జీనియా ప్రాంతంలో కూలినప్పుడు డైనమోడీబీ అనే సర్వీసు పేరుకి ఉండాల్సిన డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. ఆ రికార్డుల్ని తాజాగా ఉంచే ఆటోమేషన్‌లో రెండు ముక్కలు ఒకదానినొకటి తొక్కుకున్నాయని వాళ్ళే వివరంగా రాశారు. అంత పెద్దవాళ్ళకే పేరూ అడ్రసూ మధ్య తీగ తెగితే, యాడ్ బొత్తాం నొక్కి డీఎన్ఎస్ వచ్చేసిందనుకునే పిల్లల మాటేంటి?

మేం పెట్టుకున్న డొమైను లాలాగూడ డాట్ టెస్ట్. డాట్ టెస్ట్ అనేది ప్రయోగాల కోసమే 1999లో పక్కనపెట్టిన తోక, బయట ఎవరితోనూ గొడవ రాదు. బైండ్ సర్వరు వేసి జోన్ ఫైలు చేత్తో రాయించాను. మీలో ఎంతమంది చేత్తో రాశారో తెలీదు గానీ, అందులో పేరు చివర పెట్టే చుక్క ఉంది చూశారూ, తెలుగులో సున్నా మర్చిపోయినట్టే ఉంటుంది దాంతో. చుక్క పెడితే అది పూర్తి పేరు. చుక్క లేకపోతే "ఓహో, సగం పేరు" అనుకుని బైండ్ తన డొమైనుని వెనకాల అతికిస్తుంది. వెబ్ డాట్ లాలాగూడ డాట్ టెస్ట్ కాస్తా వెబ్ డాట్ లాలాగూడ డాట్ టెస్ట్ డాట్ లాలాగూడ డాట్ టెస్ట్ అయి కూర్చుంటుంది. సర్వరు తప్పని చెప్పదు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం అది తప్పు కాదు. సర్వీసు పచ్చగా నడుస్తూనే ఉంటుంది. డిగ్ కమాండుతో అడిగి జవాబు చదివితేనే తెలుస్తుంది. చదవడం అలవాటు చెయ్యడానికే నాలుగు రోజులు పట్టింది. ఇన్నాళ్ళూ వాడికి పింగ్ వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

రెండో సర్వరుని సెకండరీగా పెట్టాక ఇంకో తమాషా. మొదటిదాంట్లో అడ్రసు మార్చాడు, సీరియల్ నంబరు పెంచలేదు. సెకండరీ ఆ నంబరు చూసే కొత్త ప్రతి కావాలో వద్దో తేల్చుకుంటుంది. నంబరు అదే కాబట్టి నా దగ్గరున్నది తాజాదే అనుకుంది. ఇప్పుడు ఒకే పేరుకి రెండు సర్వర్లూ రెండు జవాబులు చెప్తున్నాయి, రెండూ నమ్మకంగా! పేజీ ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. ఉద్యోగంలో ఇలాంటివి "అప్పుడప్పుడు వస్తోంది" అన్న పేరుతో టికెట్టుగా వచ్చి నెలల తరబడి మూలుగుతుంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం లేని పేరుని అడగడం. ఇంకా పెట్టని పేరుని ముందుగా ఓసారి అడిగించాను. లేదని వచ్చింది. తర్వాత ఆ పేరు పెట్టాడు, సీరియలూ పెంచాడు, సర్వరుని అడిగితే ఉందంటోంది. క్లయింటుని అడిగితే లేదంటోంది! మధ్యలో ఉన్న కాషింగ్ సర్వరు "లేదు" అన్న జవాబుని కూడా దాచుకుంది మరి. ఎంతసేపు దాచుకోవాలో చెప్పే అంకె జోన్ ఫైలు మొదట్లోనే ఉంటుంది, ఎవడూ చూడడు. మావాడు దాన్ని నోట్సులోంచి ఎక్కించాడు, ఒక రోజు అని ఉంది. "అన్నా, అయితే రేపటిదాకా ఆగాలా?" అన్నాడు. కాష్ తుడిచెయ్యొచ్చు, ఇది మన ల్యాబు. బయట ప్రపంచంలో వేరేవాళ్ళ కాష్ మన చేతిలో ఉండదు. అందుకే కొత్త సైటు పేరు పెట్టకముందే వచ్చిందా వచ్చిందా అని పదిసార్లు నొక్కేవాళ్ళకి అందరికంటే ఆలస్యంగా వస్తుంది.

వెబ్ సర్వరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అది నడుస్తూ కూడా 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే బయటివాడికి లేనట్టే, ఫైర్‌వాల్ అడ్డమొస్తే జవాబు రాకపోవడం ఒక రకంగా, పోర్టు మూసి ఉంటే ఇంకో రకంగా ఉంటుంది. ఆ రెండిటి తేడా చెవికి పట్టుబడితే చాలు. ఎఫ్‌టీపీ వదిలేశాం. సిలబసులో ఇంకా ఉంది గానీ, 2021లోనే ఫైర్‌ఫాక్సూ క్రోమూ రెండూ దాన్ని తీసేశాయి. పరీక్ష కోసం యాక్టివు, పాసివు తేడా ఒక సాయంత్రం చదువుకున్నాడు, చాలు.

మెయిలుది వేరే అందం. రెండు డొమైన్లు, రెండు పోస్ట్‌ఫిక్స్‌లు, ఎమ్మెక్స్ రికార్డులు. ఉత్తరం వెళ్ళింది. ఇప్పుడు చెడగొట్టమన్నాను. పుచ్చుకునే సర్వరుని ఆపేసి, ఉత్తరం పంపి, ఇంటికెళ్ళిపోయాడు. ఉత్తరం పోతుందని పుస్తకంలో రాశాడు. మర్నాడు సాయంత్రం వచ్చి ఆ సర్వరుని లేపాడు. కాసేపట్లో ఉత్తరం టింగుమని చేరింది. రాత్రంతా పంపే సర్వరు క్యూలో పెట్టుకుని మధ్య మధ్యలో తలుపు తట్టి చూస్తూనే ఉంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు అలా ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే పంపినవాడికి తిప్పి పంపుతుంది. వాడికి ఇది ఎంత నచ్చిందంటే, వాళ్ళ నాన్నని తీసుకొచ్చి క్యూ చూపించాడు. ఆయన "ఇది జర మా బ్రేకు లెక్కనే ఉన్నది" అన్నాడు. ఈ ఉత్తరాలు జీమెయిలుకి ఎందుకు వెళ్ళవన్నది ఇంకా మొదలెట్టలేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ చూడాలి. 2024 ఫిబ్రవరి నుంచీ గూగుల్, యాహూ ఆ విషయంలో బాగా బిగించాయి. పైగా ఇళ్ళకిచ్చే కనెక్షన్లలో ఇరవై ఐదో పోర్టు చాలాచోట్ల మూసే ఉంటుంది.

మీలో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకి ఒక విన్నపం. "ఎలా పెడతావ్" అని అడగడం మానండి. దానికి జవాబు జెరాక్సు షాపులో దొరుకుతుంది. "పెట్టాక ఎలా పాడైంది" అని అడగండి. పాడు కాలేదు అన్నవాడు పెట్టలేదని అర్థం. నేర్పేవాళ్ళకి చెప్పి లాభం లేదనుకుంటా. చెడగొట్టడం నేర్పాలంటే ఒక్కో కుర్రాడు ఒక్కో రకంగా చెడగొడతాడు, అరవైమంది బ్యాచికి అది కుదరదు. పచ్చ దీపమైతే అరవైమందికీ ఒకేసారి వెలుగుతుంది.

మనవాడు ఐదో ఇంటర్వ్యూలో నెగ్గాడు. అంకెల అడ్రసుతో సైటు తెరుచుకుంటోంది, పేరుతో తెరుచుకోవట్లేదు, అదీ కొందరికే, ఏం చూస్తావ్ అని అడిగారట. వీడు ఎవరికి పనిచేస్తోంది, ఎవరికి చెయ్యట్లేదు, వాళ్ళలో ఎవరు ఏ డీఎన్ఎస్‌ని అడుగుతున్నారు అని ఎదురు ప్రశ్నలు మొదలెట్టాడు. పావుగంట అదే నడిచిందట. ఉద్యోగం గొప్పదేం కాదు. కాంట్రాక్టు, రాత్రి షిఫ్టు, తెరలు చూస్తూ కూర్చుని ఎర్రబడితే ఫోను చేసే పని. జీతం కూడా చెప్పుకునేంత లేదు. వాళ్ళ నాన్న రైల్వే జేఈ పరీక్షకి అప్లై చేయించాడు, దానికీ చదువుతున్నాడు. నేను వద్దనలేదు, ఎందుకంటాను? మౌలాలీ వైపు రెండు గదుల ఇల్లు చూస్తున్నారు. ల్యాబు మెషీను వాడికే ఇచ్చేశాను. కొత్త ఇంట్లో నెట్ పెట్టించుకున్నాక దానికని విడిగా ఒక చిన్న స్విచ్చి కొంటాడట, వాళ్ళమ్మ సీరియలు జోలికి పోకుండా.